సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు: పర్లాకిమిడిలో ఒక ల్యాప్‌టాప్ కేసు

కంప్లైంట్ ఇది. ల్యాప్‌టాప్‌లో వైఫై గీతలు నిండుగా ఉంటాయి, కనెక్టెడ్ అని చూపిస్తుంది, కానీ ఒక్క సైటూ తెరుచుకోదు. అదే ఇంట్లో అదే వైఫై మీద ఫోన్లు బాగానే పనిచేస్తున్నాయి. కాబట్టి తప్పు ల్యాప్‌టాప్‌దేనని ఇంట్లోవాళ్లూ, అప్పటికే చూసినవాళ్లూ తీర్మానించేశారు. కేసు నా దగ్గరికి వచ్చేసరికి ఇక ఫార్మాట్ కొట్టించడమే మిగిలింది.

కస్టమర్ ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో లెక్కలు రాసే ఒక మాస్టారు. ఊళ్లోని తెలుగు వ్యాపారులకీ, మహేంద్రతనయ నది అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో కొన్ని షాపులకీ జీఎస్టీ రిటర్నులు వేస్తారు. ఇటువాళ్ల జీఎస్టీ నంబర్లు ఒడిశా కోడ్ 21తో, అటువాళ్లవి ఆంధ్రా కోడ్ 37తో మొదలవుతాయి. ఇక్కడి కొట్టు నుంచి అక్కడి కొట్టుకి ఆటోలో వెళ్లిపోయే సరుకైనా రాష్ట్రం మారింది కాబట్టి దానికి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీ, పడుతుంది. రెండు రాష్ట్రాల లెక్కలూ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులో ఉన్నాయి. మే నెల, నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బీకి గడువు 20వ తేదీ. దాటితే ఒక్కో నంబరు మీద రోజుకి 50 రూపాయలు లేటు ఫీజు, ఆపైన కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆయన టెన్షన్ అంతా ల్యాప్‌టాప్ గురించి కాదు, ఇరవయ్యో తేదీ గురించి.

నేను వెళ్లేలోపు ఏమేం జరిగిందో ముందు అడిగి తెలుసుకున్నాను. బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశారు. యాంటీవైరస్ తీసేశారు. ఎవరో వీడియో చూసి కమాండ్ ప్రాంప్ట్‌లో విన్‌సాక్ రీసెట్ (విండోస్ నెట్‌వర్క్ సెట్టింగులు మొదటికి తెచ్చే కమాండు) కొట్టారు. ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడ నెట్ చక్కగా వచ్చింది, బాగానే ఉందని తిరిగి ఇచ్చేశారు. ఇంటికి తెస్తే మళ్లీ అదే కథ. రెండోసారి అదే షాపువాళ్లు, "విండోస్ పాడయింది, ఫార్మాట్ చేయాలి" అన్నారు. మా వైపు ఫార్మాట్ అనేది తొందరగా నోటికొచ్చే మాట. గంటో రెండు గంటలో పడుతుంది, పని జరిగినట్టు కంటికి కనిపిస్తుంది, డబ్బులు అడగడానికి మొహమాటం ఉండదు. కానీ షాపులో నెట్ వచ్చిందన్న ఒక్క ముక్క చాలు, ఈ కేసులో ఫార్మాట్‌తో పని లేదని చెప్పడానికి. విండోస్ పాడైతే అది షాపులోనూ పాడైపోయే ఉండాలి కదా.

మాస్టారు తలుపు తీస్తూనే అన్న మాట నేను రాసుకున్నాను. "అదేటో బాబూ, మొన్నటిదాకా మేడ మీద రెండు గీతలే వచ్చేవి, అయినా పని జరిగేది. ఇప్పుడు ఫుల్లు గీతలు, నెట్టు మాత్రం లేదు." కేసు మొత్తం ఈ మాటలోనే ఉంది. చూసినవాళ్లంతా రెండో సగం పట్టుకున్నారు. మొదటి సగాన్ని, అంటే సిగ్నల్ హఠాత్తుగా ఎందుకు పెరిగిందన్న సంగతిని, ఎవరూ అడగలేదు. పాత ఇల్లు, మందం గోడలు, కింద హాల్లో గుమ్మం పక్కన ఫైబర్ పెట్టె. మేడ మీద ఆఫీసు గదికి అక్కడినుంచి సిగ్నల్ సరిగా రాకపోవడమే సహజం. ఏ మార్పూ చేయకుండా సిగ్నల్ దానంతటది పెరగదు.

అసలు ఆ గీతలు ఏం చెబుతాయో ఇక్కడ చెప్పుకోవాలి. ల్యాప్‌టాప్‌కీ, అది పట్టుకున్న వైఫై పెట్టెకీ మధ్య రేడియో తరంగం ఎంత బలంగా అందుతోందో అంతే. ఆ పెట్టె వెనకాల ఫైబర్ ఉందా, లైను బతికి ఉందా, రీచార్జి అయిపోయిందా అన్నది గీతలకి తెలియదు. పర్లాలో రోడ్డు నున్నగా ఉందంటే పాతపట్నం వంతెన మీద లారీ అడ్డం పడలేదని కాదు కదా, ఇదీ అంతే. ఇంటర్నెట్ ఉందో లేదో విండోస్ వేరేగా తేల్చుకుంటుంది. వైఫైకి తగులుకోగానే మైక్రోసాఫ్ట్ సర్వర్ ఒకదానికి చిన్న కబురు పంపుతుంది. అక్కడున్న చిన్న టెక్స్ట్ ఫైల్‌లోంచి 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అన్న మూడు మాటలు తిరిగి వస్తే నెట్ ఉన్నట్టు. రాకపోతే టాస్క్‌బార్‌లో వైఫై బొమ్మ బదులు గ్లోబు బొమ్మ పెట్టి 'నో ఇంటర్నెట్, సెక్యూర్డ్' అంటుంది. ఇందులో సెక్యూర్డ్ అంటే పాస్‌వర్డ్ సరిపోయింది, తాళం సరిగానే పడింది అని మాత్రమే.

ముందు మాస్టారి గడువు సంగతి చూశాను. ఆయన ఫోన్‌లో వైఫై ఆపించి, హాట్‌స్పాట్ పెట్టించి, ల్యాప్‌టాప్‌ని దానికి తగిలించాను. జీఎస్టీ పోర్టల్ వెంటనే తెరుచుకుంది. అర్జెంటుగా ఉన్న ఒడిశా రిటర్నులు ముందు వేసేయమన్నాను. ఎలాగూ ఓటీపీ రావాల్సింది క్లయింట్ల ఫోన్లకి, వాళ్లు అప్పటికే లైన్లో ఉన్నారు. రిపేరుకి వెళ్లినవాడు పని ఆపించి కూర్చోబెట్టడం నాకు నచ్చదు. పని నడిచే దారి చూపించాక, రోగం సంగతి నింపాదిగా చూడొచ్చు.

ఈ హాట్‌స్పాట్ పరీక్షతో మరో లాభం ఉంది. ల్యాప్‌టాప్ వైఫై కార్డు, దాని డ్రైవరు, విండోస్ నెట్‌వర్క్ సెట్టింగులు, బ్రౌజరు, యాంటీవైరస్, తేదీ-టైము, ప్రాక్సీ (నెట్‌ని మధ్యలో ఇంకో దారికి మళ్లించే సెట్టింగు), వీటన్నిటినీ ఒక్క దెబ్బకి పక్కన పెట్టేయవచ్చు. వేరే నెట్‌వర్క్ మీద పనిచేసిందంటే ఇవన్నీ దాదాపుగా బాగున్నట్టే. 'దాదాపుగా' అని ఎందుకంటున్నానంటే, ఒక్కో వైఫై పేరుకి విడిగా స్టాటిక్ ఐపీ, అంటే చేత్తో పెట్టే మారని అడ్రస్, పెట్టుకునే వీలు కొత్త విండోస్‌లో ఉంది. అలాంటిది ఏమైనా ఉందేమోనని ఇంటి వైఫై ప్రాపర్టీస్‌లో చూశాను. ఐపీ అసైన్‌మెంట్ ఆటోమేటిక్ అనే ఉంది.

ఇక ఫోన్లు బాగా పనిచేస్తున్నాయన్న మాట. ఇది నమ్మే ముందు ప్రతి ఫోన్‌లోనూ మొబైల్ డేటా ఆపించి చూడాలి. ఆండ్రాయిడ్ ఫోను వైఫైలో నెట్ లేదని కనిపెడితే చెప్పాపెట్టకుండా మొబైల్ డేటా మీదికి జారిపోతుంది. పైన వైఫై గుర్తు ఉంటూనే ఉంటుంది, వాడేవాళ్లకి చాలాసార్లు తేడా తెలియదు. అందులోనూ పర్లా లాంటి చోట మేడ మీద ఒడిశా టవరూ పడుతుంది, పాతపట్నం వైపు ఆంధ్రా టవరూ పడుతుంది, డేటాకి లోటు ఉండదు. మాస్టారి ఫోన్‌లో డేటా ఆపితే వైఫై మీదే నెట్ వచ్చింది. కోడలి ఫోన్‌లో ఆపితే రాలేదు. "ఇన్నాళ్లూ వైఫై అనుకునే చూస్తున్నానండీ. రోజూ డేటా అయిపోయిందని మెసేజీలొస్తుంటే ఎందుకో అనుకున్నాను" అందావిడ.

అంటే 'ల్యాప్‌టాప్ ఒక్కదానికే రావట్లేదు' అన్న మాటే తప్పని తేలింది. ఇంట్లో కొన్నిటికి వస్తోంది, కొన్నిటికి రావట్లేదు. కస్టమర్ కేర్‌కి మాస్టారు అప్పటికే ఒడియాలో ఫోన్ చేసి అడిగితే లైను బాగానే ఉందన్నారట. ఆ మాట నిజమే. కింద ఫైబర్ పెట్టె మీద, లైను కలిసిందని చెప్పే పాన్ లైటు పచ్చగా నిలకడగా ఉంది, ఫైబర్ సిగ్నల్ పోతే వెలిగే లాస్ లైటు వెలగలేదు. ఫైబర్‌లో కాంతి బలం కొలిచే పవర్ మీటరు బయటికి తీసే అవసరం కూడా రాలేదు.

ఇప్పుడు మళ్లీ ల్యాప్‌టాప్‌ని ఇంటి వైఫైకి తగిలించి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టాను. చాలామంది ఇందులో ఐపీ అడ్రస్ ఒక్కటీ చూసి మూసేస్తారు. మూడు వరుసలు చూడాలి: ఐపీ అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి చూపే పెట్టె), డీహెచ్‌సీపీ సర్వర్ (అడ్రసులు పంచే పెట్టె). మాస్టారి ల్యాప్‌టాప్‌లో అవి ఇలా ఉన్నాయి. ఐపీ 192.168.0.103. గేట్‌వే 192.168.0.1. డీహెచ్‌సీపీ సర్వర్ కూడా 192.168.0.1. పక్కనే ఆయన ఫోన్‌లో అదే వైఫై వివరాలు తెరిస్తే ఐపీ 192.168.1.7, గేట్‌వే 192.168.1.1. కింద ఫైబర్ పెట్టె అడుగున అతికించిన స్టిక్కరు మీద కూడా 192.168.1.1 అనే ఉంది.

ఒకే పేరున్న వైఫై, ఒకే పాస్‌వర్డ్, కానీ రెండు వేర్వేరు గేట్‌వేలు. ఇంట్లో అడ్రసులు పంచే పెట్టె ఒక్కటే ఉండాలి. ఇక్కడ రెండున్నాయి.

పింగ్‌లతో, అంటే ఒక అడ్రస్‌కి చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూసి, రూఢి చేసుకున్నాను. 192.168.0.1కి పింగ్ కొడితే ఒక్క ప్యాకెట్ పోకుండా జవాబు వచ్చింది. ఇక్కడే చాలామంది పొరబడతారు, గేట్‌వే పలికింది కాబట్టి రౌటరు దాకా బాగుందని. బాగానే ఉంది, కానీ అది ఏ రౌటరు? గూగుల్ సర్వర్ 8.8.8.8కి కొడితే జవాబు గూగుల్ నుంచి కాదు, ఆ 192.168.0.1 నుంచే వచ్చింది: 'డెస్టినేషన్ నెట్ అన్‌రీచబుల్'. అంటే ఆ పెట్టె తనంతట తనే చెబుతోంది, బయటికి వెళ్లే దారి నాకు లేదు అని. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ వేరు, ఇది వేరు. మొదటిది వస్తే ప్యాకెట్ ఎక్కడ పోయిందో తెలియదు. రెండోది వస్తే ఎవరు వెనక్కి పంపారో వాళ్ల అడ్రస్‌తో సహా తెలుస్తుంది.

తర్వాత నెట్ఎస్‌హెచ్ డబ్ల్యూల్యాన్ షో ఇంటర్‌ఫేసెస్ అన్న కమాండు. ఇది ల్యాప్‌టాప్ ఏ వైఫై పెట్టెని పట్టుకుందో దాని బీఎస్ఎస్ఐడీ, అంటే ఆ పెట్టె రేడియో సొంత నంబరు చూపిస్తుంది. సిగ్నల్ 98 శాతం అని ఉంది. బీఎస్ఎస్ఐడీ మాత్రం కింద స్టిక్కరు మీద ఉన్న మ్యాక్ అడ్రస్‌కి దరిదాపుల్లో లేదు. ఒకే పెట్టెలో రెండు బ్యాండ్‌లకి నంబర్లు చివర్లో కొద్దిగా తేడాగా ఉండొచ్చు. ఇక్కడ ఆ నంబరులోని ఆరు జతల్లో మొదటి మూడే వేరు. ఆ మూడు జతలు తయారీ కంపెనీని చెబుతాయి కాబట్టి ఇది బహుశా వేరే కంపెనీ పెట్టె.

మాస్టారికి ఇదంతా కమాండ్లతో నచ్చజెప్పడం కంటే చూపించడం తేలిక. కిందికి వెళ్లి ఫైబర్ పెట్టె స్విచ్ ఆపేయమన్నాను. ఆపారు. మేడ మీద ల్యాప్‌టాప్‌లో గీతలు ఒక్కటి కూడా తగ్గలేదు. ఆయన కాసేపు స్క్రీన్ వంక చూసి, "మరిదెక్కడిది?" అన్నారు.

వెతికితే పక్క గదిలో బీరువా మీద దొరికింది, పాత చీరల మూట వెనకాల. యాంటెన్నాలు రెండున్న పాత రౌటరు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు పెళ్లికి వచ్చినప్పుడు, మావయ్యకి మేడ మీద సిగ్నల్ సరిగా రావట్లేదని, తన దగ్గర వాడకుండా పడి ఉన్న రౌటరు తెచ్చి పెట్టి వెళ్లాడు. కింది పెట్టె నుంచి కిటికీ మీదుగా ల్యాన్ కేబుల్ లాగాడు. ఫోన్లు మళ్లీ పాస్‌వర్డ్ అడక్కుండా ఉండాలని అదే పేరూ అదే పాస్‌వర్డూ పెట్టాడు. కేబుల్‌ని బయటి నెట్ వచ్చే వ్యాన్ పోర్టులో కాకుండా, ఇంట్లోని పరికరాలకి ఇచ్చే ల్యాన్ పోర్టులో గుచ్చాడు. మంచి పనే, సగం తెలిసి చేసిన పని. ల్యాన్‌లో గుచ్చడం తప్పు కూడా కాదు, నేనైనా అక్కడే గుచ్చుతాను. ఆ పాత పెట్టెలో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపడం ఒక్కటే మర్చిపోయాడు.

ఇక్కడ ఎవరికైనా వచ్చే ప్రశ్న మాస్టారికీ వచ్చింది. "వాడు పెట్టిన రోజు బాగానే పనిచేసింది బాబూ. వాడెళ్లాక కూడా కొన్నాళ్లు బాగానే ఉంది. మరి ఇప్పుడెందుకు చెడింది?" నాకు ఈ కేసులో ఆసక్తిగా అనిపించింది ఇదే.

ల్యాప్‌టాప్ కొత్తగా నెట్‌వర్క్‌లోకి వచ్చినప్పుడు 'ఇక్కడ అడ్రసులు ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా' అని అందరికీ వినిపించేలా అడుగుతుంది. ఇచ్చేవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ ఒక్కో అడ్రస్ ఇవ్వజూపుతారు. సాధారణంగా ముందొచ్చిన దాన్నే తీసుకుంటుంది. ఆ అడ్రస్‌తోపాటు గేట్‌వే ఎవరో, పేర్లు ఎవర్ని అడగాలో కూడా అదే పెట్టె చెబుతుంది. అడ్రస్ కొంత గడువుకే ఇస్తారు, దాన్నే లీజు అంటారు. ఆ గడువు సగం గడిచాక ల్యాప్‌టాప్ మళ్లీ అందర్నీ అడగదు, తనకి ఇచ్చిన సర్వర్‌నే నేరుగా అడిగి పొడిగించుకుంటుంది. వైఫై పోయి మళ్లీ తగులుకున్నా, ముందు 'నా పాత అడ్రసే ఇవ్వండి' అంటుంది.

మేనల్లుడు రౌటరు పెట్టేనాటికి ఇంట్లోని వాటన్నిటికీ కింది పెట్టె ఇచ్చిన 192.168.1 అడ్రసులే ఉన్నాయి. మేడ మీది రౌటరు ద్వారా వెళ్లినా పాత అడ్రసే అడిగాయి, కేబుల్ మీదుగా కింది పెట్టె సరేనంది, నెట్ నడిచింది. రెండో పెట్టె ఆ రోజుల్లో వట్టి దారిగానే పనిచేసింది. సిగ్నల్ పెరిగింది, నెట్ వచ్చింది, అందరూ సంతోషించారు.

తర్వాత ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన, కరెంటు పోయింది. ఆ రోజు నుంచే నెట్ పోయిందని అప్పటికి గానీ మాస్టారికి గుర్తు రాలేదు. కరెంటు వచ్చాక రెండు పెట్టెలూ ఒకేసారి లేవవు. పాత రౌటరు చిన్న ప్రాణం, అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. ఫైబర్ పెట్టెకి ఎక్కువసేపు పడుతుంది. సాఫ్ట్‌వేరు లోడ్ కావాలి, అవతలి యంత్రంతో ఫైబర్ మీద రిజిస్టర్ కావాలి, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో పీపీపీఓఈ డయల్ చేయాలి, అంటే నెట్ కంపెనీ దగ్గర లాగిన్ కావాలి. ఈలోపు మేడ మీద వైఫై వచ్చేసింది. ల్యాప్‌టాప్ తన పాత అడ్రస్ అడిగితే, ఇవ్వాల్సిన పెట్టె ఇంకా నిద్రలోనే ఉంది. మళ్లీ మొదట్నుంచీ అడిగింది. పలికింది పాత రౌటరు ఒక్కటే. తన దగ్గరున్న 192.168.0.103 ఇచ్చింది, గేట్‌వే నేనే అని చెప్పింది. దాని వ్యాన్ పోర్టులో ఏమీ లేదు, కాబట్టి ఆ గేట్‌వే నుంచి బయటికి దారి లేదు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచిన ప్రతిసారీ అదే అడ్రస్ అడుగుతుంది, బీరువా మీది పెట్టె అదే ఇస్తుంది.

మాస్టారి ఫోను ఎందుకు బతికిపోయిందంటే, కరెంటు పోయిన ఆ సాయంత్రం అది ఆయనతోపాటు పాతపట్నంలో ఉంది. రాత్రి ఇంటికొచ్చేసరికి కింది పెట్టె లేచే ఉంది. గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఫోను దాన్నే పట్టుకుంది. కోడలి ఫోను మేడ మీదే ఉండిపోయింది.

ఎప్పుడో ఒకసారి పొద్దున్నే నెట్ వచ్చి మళ్లీ పోయేదని కూడా ఆయన చెప్పారు. ఇద్దరు పంచేవాళ్లున్న ఇంట్లో ఇలా వచ్చిపోవడం మామూలే. ఎప్పుడు ఎవరు ముందు పలికితే వాళ్ల మాట చెల్లుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి బాగైపోతుంది, చేసినవాడు తన చేతి చలవ అనుకుంటాడు.

రిపేరు సంగతి. కేబుల్ పీకేస్తే సమస్య పోతుంది, కానీ మేడ మీద మళ్లీ రెండు గీతలే. పాత రౌటరులో కేబుల్‌ని వ్యాన్ పోర్టులోకి మార్చినా నెట్ వస్తుంది. అప్పుడు మేడ మీదిదంతా కింది నెట్‌వర్క్ వెనకాల ఇంకో నెట్‌వర్క్ అయిపోతుంది. మాస్టారి వైఫై ప్రింటరు కింద హాల్లో ఉంది. అది మేడ మీది ల్యాప్‌టాప్‌కి వెతికితే దొరక్కుండా పోవచ్చు, ఇంకో కంప్లైంట్ తయారవుతుంది. కాబట్టి ఆ పాత పెట్టెని వట్టి వైఫై చల్లే పెట్టెగా, అంటే యాక్సెస్ పాయింట్‌గా మార్చడమే సరైన పని అనిపించింది.

ముందు రెండు పెట్టెల మధ్య కేబుల్ తీసేశాను. ఇది మర్చిపోకూడదు. మేనల్లుడు అడ్మిన్ పాస్‌వర్డ్ ఏం పెట్టాడో అతనికే గుర్తు లేదు, అందుకని వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కి రీసెట్ చేయాల్సి వచ్చింది. రీసెట్ అయిన రౌటరు డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉండి లేస్తుంది. కేబుల్ తగిలి ఉండగా అలా చేస్తే ఇల్లంతటికీ తప్పుడు అడ్రసులు పంచుతుంది. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో దానికొక్కదానికే తగిలించి, బ్రౌజర్‌లో 192.168.0.1 తెరిచి లోపలికి వెళ్లాను. ఆ మోడల్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని విడిగా లేదు. ఉంటే దాన్ని ఎంచుకుంటే సరిపోయేది. లేదు కాబట్టి చేత్తో చేయాలి.

వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందివే పెట్టి, భద్రత డబ్ల్యూపీఏ2కి మార్చాను. కింది పెట్టె 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ 1 మీద ఉంటే దీన్ని 11 మీద పెట్టాను. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11. తర్వాత డీహెచ్‌సీపీ డిసేబుల్. చివరగా ఆ పెట్టె సొంత అడ్రస్‌ని 192.168.0.1 నుంచి 192.168.1.2కి మార్చాను. ఈ చివరిది చేయకపోయినా నెట్ వస్తుంది, కానీ రేపు దాని సెట్టింగుల్లోకి వెళ్లాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. 192.168.1.2ని కింది పెట్టె ఇంకెవరికీ ఇచ్చేయకుండా, అక్కడ పంచే అడ్రసులు 10 నుంచి మొదలయ్యేలా సర్దాను. అడ్రస్ మార్చడం చివర్లోనే చేయాలి, ఎందుకంటే అది సేవ్ కాగానే మనం తెరిచి ఉంచిన పేజీ తెగిపోతుంది.

కేబుల్ మళ్లీ ల్యాన్ నుంచి ల్యాన్‌కే తగిలించాను. వ్యాన్ పోర్టు మీద ఇన్సులేషన్ టేపు అంటించాను, సాయం చేద్దామని వచ్చే తర్వాతి మేనల్లుడి కోసం. ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఆపై ఐపీకాన్ఫిగ్ /రెన్యూ. అడ్రస్ 192.168.1.14 వచ్చింది, గేట్‌వే 192.168.1.1, గ్లోబు బొమ్మ పోయి వైఫై బొమ్మ వచ్చింది. కోడలి ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్‌గెట్ కొట్టించి మళ్లీ తగిలిస్తే అదీ కుదురుకుంది.

నెట్ వచ్చింది కదా అని సంచీ సర్దేయలేదు. చెడింది కరెంటు పోయినప్పుడు కాబట్టి, బాగయిందని తేలాల్సింది కూడా అప్పుడే. ఇంటి మెయిన్ ఆపి మళ్లీ వేయించాను. పాత రౌటరు ముందు లేచింది, వైఫై వచ్చింది, ల్యాప్‌టాప్ తగులుకుంది, నెట్ రాలేదు. మాస్టారి మొహం మాడింది. కింది పెట్టె లేచే వరకూ ఆగమన్నాను. అది లేచాక ల్యాప్‌టాప్ సరైన అడ్రస్ తీసుకుంది. ఆ మధ్యలో ల్యాప్‌టాప్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపించింది. ఎవరూ అడ్రస్ ఇవ్వనప్పుడు విండోస్ తనకి తానే పెట్టుకునేది అది. తప్పుడు గేట్‌వే కంటే ఇదే మేలు, ఎందుకంటే ఇచ్చేవాడు లేచేదాకా విండోస్ మధ్యమధ్యలో మళ్లీ అడుగుతూనే ఉంటుంది.

ఇదే కంప్లైంటుతో వచ్చే కేసులన్నిటిలోనూ రెండో రౌటరు ఉండదు. 169.254 అడ్రస్ వచ్చి అలాగే నిలబడిపోతే అడ్రస్ పంచే పెట్టె దగ్గర లోపం, లేదా పంచాల్సిన అడ్రసులు అయిపోయాయి. లాడ్జీల్లో, కోచింగ్ సెంటర్లలో ఈ రెండోది చూస్తుంటాను. 8.8.8.8 పలికి, సైట్ల పేర్లు మాత్రం పలకకపోతే లోపం డీఎన్ఎస్‌ది, అంటే సైట్ల పేర్లని అడ్రసులుగా మార్చి చెప్పే సర్వర్‌ది. ఎన్ఎస్‌లుకప్ అన్న కమాండు కొట్టి చూసి, డీఎన్ఎస్‌గా 8.8.8.8, 1.1.1.1 పెడితే సరిపోతుంది. పింగూ పేర్లూ అన్నీ బాగుండి బ్రౌజరు ఒక్కటే మొరాయిస్తే ప్రాక్సీ సెట్టింగు చూడాలి. ఉచిత వీపీఎన్‌లు, పైరసీ సాఫ్ట్‌వేర్లు 127.0.0.1 అని ఒక ప్రాక్సీ పెట్టి, తీసేసినా దాన్ని అక్కడే వదిలి పోతాయి. ఇది హాట్‌స్పాట్ మీద కూడా చెడుతుంది కాబట్టి వేరు చేయడం తేలిక. పాత ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద బిళ్ల సెల్లు అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతే, సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజరు తలుపేస్తుంది. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో వేలాడుతుంటే ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో ఎన్ని బైట్లు పడతాయన్నది, చూస్తాను. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లోంచి 8 బైట్లు తినేస్తుంది, 1500 కాస్తా 1492 అవుతుంది. ఇంట్లో దేనికీ నెట్ లేకపోతే ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా ముందు లాస్ లైటు, ఆపైన రీచార్జి తేదీ చూడండి. ఎర్ర లైటంటే చాలావరకు ఫైబర్ తెగినట్టే. మా వైపు అందులో కోతుల వాటా తక్కువేం కాదు.

మిగిలిన పాతపట్నం రిటర్నులు మాస్టారు మేడ మీద నుంచే, ఇంటి వైఫై మీదే వేసుకున్నారు. మేనల్లుడికి ఫోన్ చేసి జరిగింది చెబితే, "అయ్యో మావయ్యా, ఒక్క టిక్కు తీసేయడం మర్చిపోయాను" అన్నాడట. ఆ పాత రౌటరు సంగతి ఇంకా పూర్తి కాలేదు. దానికి కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేరు) ఇవ్వడం ఎప్పుడో ఆపేసింది. 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంది. అందరి ఓటీపీలూ పన్ను లెక్కలూ నడిచే ఇంట్లో అలాంటి పెట్టె చాలా కాలం ఉంచడం నాకు ఇష్టం లేదు. దానికి కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, దాన్నీ 192.168.1.2 అన్న అడ్రస్‌నీ మాస్టారి డైరీలో రాయించాను. బీరువా మీద నుంచి చీరల మూట కూడా తీయించాను, ఆ వేడికి పెట్టె ఎండాకాలం దాటదు. దసరాకి దాని స్థానంలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న డ్యూయల్ బ్యాండ్ రౌటరు కొంటామన్నారు.